గిటార్ ట్యూనింగ్ కిందికి దించాలంటే: తీగల సైజు నుంచి డాడ్‌గాడ్ దాకా

కీ తిప్పి తీగ వదులు చేయడం పది సెకన్ల పని. అసలు సంగతి ఆ తర్వాతే మొదలవుతుంది. తీగలు ఫ్రెట్లకు తగిలి జరజరమంటాయి, కార్డు పట్టుకుంటే ఒక్కో తీగ ఒక్కో దారిన పోతుంది, గట్టిగా కొడితే శృతి పైకెళ్లి మళ్లీ కిందికొస్తుంది, చివరికి "ఈ గిటార్ పనికిరాదు, ఇంకోటి కొనాలి" దగ్గర ఆగిపోతారు చాలామంది. గిటార్ తప్పేమీ లేదండి. ఫ్యాక్టరీలో దాన్ని ఒక లెక్క ప్రకారం బిగించి పంపారు, మీరు ఆ లెక్క మార్చి మిగతావన్నీ అలాగే వదిలేశారు. కింద చెప్పేదంతా ఆ టెన్షన్ గురించే: ఎంత దించితే ఎంత పోతుంది, పోయినదాన్ని ఎలా రాబట్టాలి, రాబట్టలేకపోతే ఎలా సర్దుకోవాలి.

మామూలు ట్యూనింగ్ చేసుకోవడం వచ్చి, నాలుగైదు కార్డులు పట్టుకోగలిగితే ఇది చదవడానికి సరిపోతుంది. లెక్క కోసం ఒక్కసారి గుర్తు చేస్తాను: లావు తీగ ఆరోది, సన్నది ఒకటోది. ఆరు నుంచి ఒకటి వరకు వరసగా ఇ, ఎ, డి, జి, బి, ఇ.

ముందు ఎందుకో తేల్చుకోండి

ఎవరో చెప్పారని డ్రాప్ సి (ఆరో తీగ సి దాకా దిగే ట్యూనింగ్) పెట్టుకుని ఏం వాయించాలో తెలియక కూర్చునేవాళ్లు హైదరాబాద్‌లో చాలామందే ఉన్నారు. దించడానికి నాకు తెలిసి మూడే కారణాలు, ఒక్కోదానికి దారి వేరు.

మొదటిది పాడేవాళ్ల గొంతు. అపార్ట్‌మెంట్ గణపతి మండపం కావచ్చు, సికింద్రాబాద్‌లో చర్చి కాయిర్ కావచ్చు, గచ్చిబౌలిలో కేఫ్ ఓపెన్ మైక్ కావచ్చు, పాడేవాళ్లు రిహార్సల్‌లో "కొంచెం తగ్గించండి" అనడం ఖాయం. కీబోర్డు అతను ట్రాన్స్‌పోజ్ బటన్ రెండుసార్లు నొక్కి ఊరుకుంటాడు. మన దగ్గర కాపో (మెడ మీద తీగలన్నిటినీ ఒక ఫ్రెట్ దగ్గర నొక్కిపట్టే క్లిప్) ఉంది, కానీ అది పైకే తీసుకెళ్తుంది, కిందికి దించలేదు. కాబట్టి ఇక్కడ ఆరు తీగలూ సమానంగా దించాలి, కార్డుల ఆకారాలు ఏమీ మారకూడదు.

రెండోది బరువైన శబ్దం. మెటల్, హార్డ్ రాక్ వాయించేవాళ్లది ఈ దారి. బ్లాక్ సబ్బత్ గిటారిస్ట్ టోనీ అయోమి కథ మీకు తెలిసే ఉంటుంది. బర్మింగ్‌హామ్‌లో 17 ఏళ్ల వయసులో, రేకులు కోసే ఫ్యాక్టరీలో కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోయాయి, ఎడమచేతి వాటం కాబట్టి ఫ్రెట్ల మీద నొక్కాల్సింది సరిగ్గా ఆ చేయే. తీగలు వదులుగా ఉంటే నొక్కడం తేలిక. 1971 నాటికి కొన్ని పాటల్లో మూడు సెమీటోన్లు (ఒక ఫ్రెట్ దూరం ఒక సెమీటోన్, అంటే సగం టోన్) దించి వాయించాడు. చేతి ఇబ్బంది కోసం చేసిన సర్దుబాటు కాస్తా తర్వాత వచ్చిన మెటల్ బ్యాండ్లందరికీ అలవాటైపోయింది.

మూడోది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, ఖాళీ తీగలే తంబురాలా మోగుతుంటే మీద రాగం వాయించుకోవడం. దీనికి కొన్ని తీగలే దించుతాం, కార్డుల ఆకారాలు పూర్తిగా మారిపోతాయి. డాడ్‌గాడ్, ఓపెన్ డి, ఓపెన్ జి అనే ట్యూనింగులన్నీ ఈ దారిలోవే.

ఎంత దించితే ఎంత పోతుంది

ఎలక్ట్రిక్ గిటార్ మీద 10-46 సెట్ (ఒకటో తీగ మందం 10, ఆరోది 46, అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన) వేసి మామూలుగా ట్యూన్ చేస్తే ఆరో తీగ ఒక్కటే దాదాపు 8 కిలోల లాగుడు మీద ఉంటుంది, ఆరూ కలిపి 45 కిలోల పైమాటే. ఈ లాగుడు ఫ్రీక్వెన్సీ వర్గాన్ని బట్టి మారుతుంది. అంటే ఒక సెమీటోన్ దించితే 11 శాతం టెన్షన్ పోతుంది, రెండు దించితే 21, మూడు దించితే 29, నాలుగు దించితే 37 శాతం. ఇ నుంచి సి వరకు దించిన ఆరో తీగ మీద 8 కిలోలకు 5 కిలోలే మిగులుతాయి. అది జరజరమనక ఏం చేస్తుంది?

పోయిన టెన్షన్ తిరిగి రావాలంటే తీగ లావెక్కాలి. ఇందులో నోటితో వేసుకోగలిగే లెక్క ఒకటుంది: ఒక్కో సెమీటోన్‌కు తీగ మందం 6 శాతం పెంచితే టెన్షన్ సుమారు పాతదే ఉంటుంది. 46 తీగను రెండు సెమీటోన్లు దించుతున్నారు, కాబట్టి 46ను రెండుసార్లు 6 శాతం చొప్పున పెంచండి, 52 దగ్గరికొస్తుంది. ఒకటో తీగ 10 అయితే 11 అవుతుంది. అంటే మామూలు ట్యూనింగ్‌లో 10-46 చేతికి ఎలా ఉంటుందో, పూర్తి టోన్ దించినప్పుడు 11-52 అలాగే ఉంటుంది. షాపులో అడగాల్సిన నంబర్ ఇంట్లోనే తెలిసిపోయింది.

ఇదే లెక్కలో ఆరో తీగ సి వరకు వెళ్తే 58 రావాలి. చాలామంది 54, 56తో సర్దుకుంటారు, కొంచెం వదులుగా ఉన్నా మెటల్ రిఫ్‌లకు (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గిటార్ వరసలకు) అది బాగానే ఉంటుంది. నా అభిప్రాయం అడిగితే: సగం టోన్ దించేవాళ్లు 10-46 అలాగే ఉంచుకోండి, 09 సెట్ ఉంటే 10కి మారండి. డ్రాప్ డి మాత్రమే అయితే 10-52, ఎందుకంటే దించేది ఒక్క ఆరో తీగనే, పైవి సన్నగానే ఉండాలి. పూర్తి టోన్ అయితే 11-52. డ్రాప్ సి అయితే 11-54 లేదా 12-56. అంతకన్నా కిందికి, బి దాకా వెళ్లాలనుకుంటే 60 దరిదాపుల్లో ఉండే తీగ కావాలి, ఆ స్థితిలో ఏడు తీగల గిటారో, పొడవు మెడ ఉన్న బారిటోనో చూసుకోవడం మేలు.

మెడ పొడవు కూడా లెక్కలోకి వస్తుంది. ఫెండర్ తరహా గిటార్లకు నట్ (తల దగ్గర తీగలు ఆనే పట్టీ) నుంచి శాడిల్ (బాడీ మీద తీగలు ఆనే చోటు) దాకా 25.5 అంగుళాలు, గిబ్సన్ లెస్ పాల్ తరహావాటికి 24.75. పొట్టిదాని మీద అదే తీగ, అదే శృతికి ఇంకాస్త వదులుగా ఉంటుంది. కాబట్టి లెస్ పాల్ ఆకారం గిటార్ ఉన్నవాళ్లు పైన చెప్పినదానికి ఒక సైజు ఎక్కువే తీసుకోండి.

అకూస్టిక్ సంగతి కొంచెం జాగ్రత్త. 12-53 సెట్‌తో ఒక టోన్ దాకా దించితే పెద్ద ఇబ్బంది ఉండదు. అంతకు మించి వెళ్లేటప్పుడు 13-56 వేసుకోండి, కానీ వేశాక దాన్ని మళ్లీ మామూలు శృతికి లాగకండి. తక్కువ ధర గిటార్లలో బ్రిడ్జి (బాడీ మీద తీగలు బిగించే ముక్క) లేచిపోయేది, ముందు పలక పొంగేది ఇలాంటప్పుడే. నైలాన్ తీగల గిటార్ అయితే ఆరో తీగను డికి దించుకోండి, అక్కడితో ఆపండి. లావు కావాలని దానికి స్టీల్ తీగలు మాత్రం ఎక్కించకండి, ఆ లాగుడుకు దాని బ్రిడ్జి తట్టుకోదు.

కోఠిలోనో సికింద్రాబాద్‌లోనో షాపుకి వెళ్లేముందు ఒక ఫోన్ కొట్టండి. 09, 10 సెట్లు ఎక్కడైనా దొరుకుతాయి, 12-56 అనేసరికి "ఆన్‌లైన్‌లో చూసుకోండి" అనే మాట వినాల్సి రావచ్చు.

మొదటి మెట్టు: డ్రాప్ డి

దీనికి కొత్త తీగలు కూడా అక్కర్లేదు, ఇవాళే చేసి చూడొచ్చు.

1. ముందు గిటార్‌ను మామూలుగా, కచ్చితంగా ట్యూన్ చేయండి. తల దగ్గర క్లిప్ ట్యూనర్ ఉంటే దాన్ని క్రోమాటిక్ మోడ్‌లో పెట్టండి. గిటార్ మోడ్‌లో ఉంటే అది ఇ, ఎ, డి, జి, బి, ఇలనే వెతుకుతుంది, మీరు దించిన స్వరాన్ని ఏదో ఒకటి అనుకుని తికమక పెడుతుంది.

2. ఆరో తీగను డి కన్నా కొంచెం కిందికే దించేయండి. తర్వాత మెల్లగా పైకి తెస్తూ డి దగ్గర ఆపండి. పైనుంచి దించుతూ ఆపితే కీ పళ్లలోనూ, నట్ గాడిలోనూ కొంత వదులు దాక్కుంటుంది, రెండు పాటలయ్యేసరికి అది బయటపడి శృతి జారిపోతుంది. ఏ ట్యూనింగ్ అయినా, ఏ తీగ అయినా ఆఖరి కదలిక ఎప్పుడూ పైకే.

3. చెవితో సరిచూసుకోండి. ఆరో తీగ 12వ ఫ్రెట్ దగ్గర వేలు ఆనించీ ఆనించనట్టు పెట్టి హార్మోనిక్ మోగించండి, అది ఖాళీ నాలుగో తీగతో కలిసిపోవాలి. కలవకపోతే రెండింటి మధ్య వావ్ వావ్ అని ఒక ఊపు వినిపిస్తుంది. కీ తిప్పేకొద్దీ ఆ ఊపు నెమ్మదించి ఆగిపోతుంది, అదే సరైన చోటు.

4. ఇప్పుడు ఆరు, ఐదు, నాలుగు తీగల మీద ఒకే వేలు అడ్డంగా పెట్టండి. ఏ ఫ్రెట్ మీద పెడితే అక్కడో పవర్ కార్డు (మూల స్వరం, దాని పంచమం మాత్రమే ఉండే కార్డు). ఖాళీగా డి, రెండులో ఇ, మూడులో ఎఫ్, ఐదులో జి, ఏడులో ఎ.

5. మామూలు డి కార్డు పట్టుకుని ఈసారి ఆరు తీగలూ మీటండి. ఇన్నాళ్లూ తగలకుండా తప్పించుకుంటూ వచ్చిన తీగలు ఇప్పుడు కార్డులో భాగమే.

ఇబ్బంది ఒక్కటే. ఆరో తీగ మీద ఉండే స్వరాలన్నీ రెండు ఫ్రెట్లు పైకి జరిగాయి. జి కార్డులో ఆరో తీగ మూడో ఫ్రెట్ కాదు, ఐదో ఫ్రెట్. చాలామంది చూపుడు వేలితోనో బొటనవేలితోనో దాన్ని అందుకుని, ఐదో తీగను ఆ వేలి అంచుతోనే మూసేసి, మిగతావి వదిలేస్తారు. ఎఫ్ బారే మామూలు ఆకారంలో పని చేయదు, దాని జోలికి పోకుండా నాలుగు తీగల ఎఫ్ పట్టుకోండి.

ఆరు తీగలూ సమానంగా దించడం

సగం టోన్ దించితే ట్యూనర్ మీద కనిపించేది డి షార్ప్, జి షార్ప్, సి షార్ప్, ఎఫ్ షార్ప్, ఎ షార్ప్, డి షార్ప్. పుస్తకాల్లో ఇ ఫ్లాట్, ఎ ఫ్లాట్ అని రాస్తారు, రెండూ ఒకటే. పూర్తి టోన్ అయితే డి, జి, సి, ఎఫ్, ఎ, డి. ఇలా పూర్తి టోన్ దించాక ఆరో తీగను ఇంకో రెండు సెమీటోన్లు దించితే అదే డ్రాప్ సి. అంటే డ్రాప్ డిలో నేర్చుకున్న ఆకారాలన్నీ అక్కడ యథాతథంగా పని చేస్తాయి.

ఆరో తీగ నుంచి ఒకటో తీగ వరకు ఒకసారి దించి ఆగకండి. లాగుడు తగ్గేకొద్దీ మెడ కాస్త వెనక్కి వాలుతుంది, దాంతో ముందు సరిచేసిన తీగల శృతి కొంచెం పైకి జరుగుతుంది. రెండు మూడు చుట్లు తిరగాలి. ఫ్లాయిడ్ రోజ్ లాంటి తేలే బ్రిడ్జి ఉంటే ఇది ఇంకా విసుగు. తీగల లాగుడు తగ్గగానే వెనకున్న స్ప్రింగులు గెలిచి బ్రిడ్జి లోపలికి కుంగిపోతుంది, వెనక మూత తీసి స్ప్రింగ్ క్లా స్క్రూలు కొంచెం వదులు చేయాలి. తీగలు లావువి వేసి టెన్షన్ పాతదే ఉంచితే ఆ గొడవ చాలావరకు తప్పుతుంది. తేలే బ్రిడ్జి ఉన్న గిటార్ ఒక్కటే ఉండి, పాట పాటకీ ట్యూనింగ్ మారుస్తానంటే మాత్రం మీ ఓపికకు దండం.

గాయకుల కోసం దించేవాళ్లకు నా సలహా ఒకటుంది: రోజూ దించి రోజూ ఎక్కించకండి. గిటార్‌ను శాశ్వతంగా సగం టోనో, ఒక టోనో కిందే ఉంచేయండి. మామూలు శృతి కావాల్సిన రోజు ఒకటో ఫ్రెట్‌లోనో రెండో ఫ్రెట్‌లోనో కాపో పెట్టుకోండి. తీగలు తెగవు, మెడ ఒకే లాగుడుకు అలవాటుపడుతుంది, స్టేజీ మీద ట్యూనర్ వైపు చూస్తూ నిలబడే ఖర్మా ఉండదు.

లావు తీగలు వేశాక గిటార్‌కు చేయాల్సినవి

ఇదే చాలామంది వదిలేసే భాగం, ఎక్కువ ఫలితం ఉండేదీ ఇదే.

నట్ నుంచి మొదలుపెట్టండి. 46 తీగకు కోసిన గాడిలో 52 సరిగ్గా కూర్చోదు, పైనే ఇరుక్కుంటుంది. గుర్తుపట్టడం తేలిక: కీ తిప్పుతుంటే శృతి కదలదు, కదలదు, ఉన్నట్టుండి టింగుమని చిన్న శబ్దంతో ఒక్కసారిగా దూకుతుంది. కొద్దిగా ఇరుకైతే తీగ పక్కకు తీసి, మెత్తటి పెన్సిల్ ములుకును గాడిలో నాలుగుసార్లు రుద్దండి, గ్రాఫైట్ జారుడు ఇస్తుంది. అప్పటికీ టింగుమంటే గాడి వెడల్పు చేయించాలి. దానికి సైజుల వారీ ఆకురాళ్లు ఉంటాయి, అవి లేకుండా బ్లేడుతో గీరే పని పెట్టుకోవద్దు, గాడి ఒక్క వెంట్రుకవాసి లోతైనా ఖాళీ తీగ మొదటి ఫ్రెట్‌కు తగులుతూనే ఉంటుంది. గిటార్ రిపేరు చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లి, "ఈ సెట్, ఈ ట్యూనింగ్, దీనికి సెటప్ చేయండి" అని నంబర్లతో సహా చెప్పండి. ఊరికే "సెటప్" అంటే మామూలు ట్యూనింగ్‌కి చేసి ఇచ్చేస్తారు.

తర్వాత మెడ. ఒకటో ఫ్రెట్ మీద కాపో పెట్టి, ఆరో తీగను మెడ బాడీలో కలిసే చోటి ఫ్రెట్ దగ్గర నొక్కండి. ఇప్పుడు ఏడు, ఎనిమిది ఫ్రెట్ల మీద తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సన్నటి సందు కనిపించాలి. కొలవడానికి పనిముట్లు అక్కర్లేదు. జిరాక్స్ షాపులో వాడే ఎ4 కాగితం ఒక్కోటి దాదాపు 0.1 మిల్లీమీటర్ మందం ఉంటుంది. రెండు కాగితాలు కలిపి దూర్చితే తీగ కదలకుండా దూరిపోవాలి, మూడు నాలుగు పెట్టేసరికి తీగ పైకి లేవాలి. ఒక్క కాగితం కూడా పట్టడం లేదంటే మెడ వెనక్కి వాలింది, మొదటి నాలుగైదు ఫ్రెట్లలో జరజరకు కారణం అదే. ట్రస్ రాడ్‌ను (మెడ లోపల దాని వంపును సర్దే ఇనప కడ్డీని) అపసవ్యంగా, అంటే గడియారం ముళ్లకు ఎదురుగా, పావు చుట్టు తిప్పి, శృతి సరిచేసి, మళ్లీ కొలవండి. ఒకేసారి పావు చుట్టుకు మించొద్దు. బిగిసిపోయి తిరగకపోతే బలం పెట్టొద్దు.

అది సరిపోయాక తీగల ఎత్తు. 12వ ఫ్రెట్ దగ్గర ఆరో తీగ కింద 2 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటే ఎలక్ట్రిక్‌కు బాగుంటుంది, బాగా కిందికి దించి గట్టిగా కొట్టేవాళ్లు ఇంకాస్త పెంచుకోండి. వదులు తీగ వెడల్పుగా ఊగుతుంది, ఆ ఊపుకు చోటు కావాలి. అదే కారణంతో పికప్‌ను కూడా లావు తీగల వైపు కొంచెం కిందికి దించండి, మరీ దగ్గరగా ఉంటే అయస్కాంతం తీగను లాగి స్వరం వంకరగా వినిపిస్తుంది.

చివరగా ఇంటొనేషన్, అంటే మెడ పొడవునా శృతి సరిగ్గా ఉందో లేదో చూడటం. 12వ ఫ్రెట్ దగ్గర హార్మోనిక్ మోగించి, తర్వాత అదే ఫ్రెట్‌ను మామూలుగా నొక్కి మోగించి, ట్యూనర్‌లో రెండూ పోల్చండి. నొక్కింది పైకి ఉంటే శాడిల్‌ను నట్‌కు దూరంగా జరపండి, కిందికి ఉంటే దగ్గరగా. కొత్త తీగలతోనే చేయాలి, పాత తీగలతో చేస్తే ఆ శ్రమ వృథా. అకూస్టిక్‌లో శాడిల్ జరగదు, కాబట్టి అక్కడ మీ చేతిలో ఉన్నది తీగ సైజు ఒక్కటే, అందుకే దానికి సరైన సైజు వేయడం మరీ ముఖ్యం.

చేయి కూడా మారాలి

వదులు తీగను అలవాటైన బలంతో నొక్కితే అది ఫ్రెట్ల మధ్య లోపలికి వంగి స్వరం పైకెళ్తుంది. కార్డు విడివిడిగా బాగుండి, పాటలో అపశృతిగా వినిపిస్తోందంటే తొంభై పాళ్లు ఎడమచేతి బలమే కారణం. ఫ్రెట్‌కు వీలైనంత దగ్గరగా, శబ్దం స్పష్టంగా రావడానికి సరిపోయేంత మాత్రమే నొక్కండి. కుడిచేతిని బ్రిడ్జి వైపు కొంచెం జరపండి, అక్కడ తీగ బిగువుగా తగులుతుంది. ప్లెక్ట్రమ్ 1 మిల్లీమీటర్ లేదా అంతకన్నా మందంగా ఉన్నది వాడండి, పల్చటిది లావు తీగ మీద చప్పుడే తప్ప స్వరం రానివ్వదు.

ఇంకోటి, ట్యూన్ చేసేటప్పుడు తీగను మెల్లగా మీటి చేసి, పాటలో బాదితే లాభం లేదు. గట్టిగా కొట్టిన క్షణంలో వదులు తీగ శృతి పైకెళ్లి తర్వాత దిగుతుంది. మీరు పాటలో ఎంత బలంగా కొడతారో, ట్యూనర్ ముందు కూడా అంతే బలంగా కొట్టి చూడండి.

ఆంప్ దగ్గర అందరూ చేసే పని బేస్ పెంచడం. కింది శృతి కదా, బేస్ ఉండాలి కదా అని. చేయాల్సింది దానికి తలకిందులు. దించిన డి 73 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, సి అయితే 65. అది బేస్ గిటార్ మనిషి ఇలాకా. మీరు బేస్, గెయిన్ తగ్గించి మిడ్ పెంచితేనే రిఫ్ స్పష్టంగా బయటికొస్తుంది. ఇంట్లో ఫోన్ స్పీకర్‌లో విని తీర్పు చెప్పకండి, అంత కింది స్వరం మోగించే శక్తి దానికి లేదు. అపార్ట్‌మెంట్లో రాత్రిపూట ఎలాగూ హెడ్‌ఫోన్సే గతి.

డాడ్‌గాడ్, ఓపెన్ డి: స్వరాలతో చూస్తే తేలిక

ఇంటర్నెట్‌లో ఈ ట్యూనింగులన్నీ ఇంగ్లిష్ అక్షరాల దండల్లా కనిపిస్తాయి, బట్టీ పట్టబుద్ధి కాదు. చిన్నప్పుడు నాలుగు సరళీ వరసలైనా పాడినవాళ్లు వాటిని స్వరాలుగా మార్చి చూడండి.

డాడ్‌గాడ్ అంటే డి, ఎ, డి, జి, ఎ, డి. డిని షడ్జమం అనుకుంటే స ప స మ ప స. ఆరో తీగను ఇ నుంచి డికి, రెండోదాన్ని బి నుంచి ఎకి, ఒకటోదాన్ని ఇ నుంచి డికి దించితే అయిపోయింది. మధ్యలో మూడు తీగలూ కదపక్కర్లేదు. సరిచూడాలంటే ఐదో తీగ 12వ ఫ్రెట్ హార్మోనిక్ ఖాళీ రెండో తీగతోనూ, నాలుగో తీగది ఒకటో తీగతోనూ కలవాలి. 1960లలో దీన్ని గిటారిస్టుల్లోకి తెచ్చింది బ్రిటన్‌కు చెందిన డేవీ గ్రాహమ్.

ఓపెన్ డి అయితే స ప స గ ప స. డాడ్‌గాడ్‌లో మూడో తీగను ఇంకొక్క సెమీటోన్ దించి ఎఫ్ షార్ప్ చేస్తే వస్తుంది. ఓపెన్ సి అంటే స ప స ప స గ. ఓపెన్ జి అంటే ప స ప స గ ప. రోలింగ్ స్టోన్స్ కీత్ రిచర్డ్స్ ఈ చివరిదాంట్లో ఆరో తీగను తీసేసి ఐదింటితోనే వాయిస్తాడు, చూస్తే అర్థమవుతుంది, తీసేసింది కింది పంచమం, మిగిలింది షడ్జమంతో మొదలవుతుంది.

మనవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. కర్ణాటక వయొలిన్ నాలుగు తీగలనూ పాశ్చాత్య పద్ధతిలో కాకుండా స ప స ప గానే శృతి చేస్తారు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారు నాలుగు జతల తీగల వాయిద్యాన్ని ఐదు ఒంటి తీగలకు మార్చుకుని, దాని మీద గమకాలు పలికించారు. వాయిద్యం వచ్చినట్టే వాయించాలని రూలేమీ లేదు.

డాడ్‌గాడ్‌లో గాంధారం లేదు, కాబట్టి అది మేజరూ కాదు, మైనరూ కాదు. మధ్యమావతి దీనికి అచ్చంగా సరిపోతుంది, ఖాళీ తీగల్లో ఉన్న స, మ, ప మూడూ ఆ రాగంలో ఉన్నాయి. ఖరహరప్రియ, హరికాంభోజి కూడా హాయిగా నడుస్తాయి. కానీ మోహనం మొదలుపెట్టారనుకోండి, ఆ రాగంలో మధ్యమం లేదు, ఖాళీ మూడో తీగ పొరపాటున మోగితే చాలు, రాగం చెడిపోతుంది. కల్యాణిలోదేమో ప్రతి మధ్యమం (ఇక్కడ జి కాదు, జి షార్ప్), అక్కడ కూడా అదే తీగ అడ్డం. ఈ రెండింటికీ ఓపెన్ డి పెట్టుకోండి, అంతర గాంధారం ఖాళీ తీగలోనే దొరుకుతుంది. హిందోళంలో పంచమమే లేదు, కాబట్టి పంచమం తీగలున్న ఈ ట్యూనింగులు ఏవీ దానికి పనికిరావు, డాడ్‌గాడ్‌లో ఆ రెండు తీగలను మధ్యమానికి దించుకుంటే తప్ప. ఎ ఉన్నవి జి అవుతాయి, డి, జి, డి, జి, జి, డి. ఈ ట్యూనింగ్‌కు పేరుందో లేదో గానీ హిందోళానికి మాత్రం చక్కగా ఉంటుంది.

మొదట చేతికి అలవాటు కావడానికి డాడ్‌గాడ్‌లో మూడు ఆకారాలు చాలు. మూడో తీగ రెండో ఫ్రెట్ ఒక్కటి నొక్కి ఆరూ మీటితే డి. ఆరో తీగ ఐదో ఫ్రెట్ నొక్కి, ఐదో తీగను మూసి, మిగతావి ఖాళీగా వదిలితే జి లాంటిది. నాలుగు, మూడు తీగలు రెండో ఫ్రెట్‌లో నొక్కి ఐదో తీగ నుంచి మీటితే ఎ లాంటిది. "లాంటిది" అనడానికి కారణం, పైన ఖాళీ తీగలు మోగుతూ ఏదో ఒక అదనపు స్వరం కలుపుతూనే ఉంటాయి. ఆ ట్యూనింగ్ అందం అదే.

పాడేవాళ్లతో వాయించేటప్పుడు శృతి లెక్క చూసుకోండి. ఒకటి శృతి అంటే సి, ఒకటిన్నర అంటే సి షార్ప్, రెండు అంటే డి, ఐదు అంటే జి. డాడ్‌గాడ్ మొత్తాన్ని ఇంకో టోన్ దించి సి, జి, సి, ఎఫ్, జి, సి పెట్టుకున్నారంటే కాపో లేకుండా ఒకటి శృతి, ఒకటో ఫ్రెట్‌లో కాపోతో ఒకటిన్నర, రెండో ఫ్రెట్‌లో రెండు, ఏడులో ఐదు శృతి. ఎవరొచ్చి ఏ శృతి చెప్పినా వేళ్ల ఆకారాలు మారవు. దీనికి అకూస్టిక్ మీద 13-56 సెట్ ఉండాలి, ఎందుకంటే ఇక్కడ ఆరు, రెండు, ఒకటి తీగలు నాలుగేసి సెమీటోన్లు దిగుతున్నాయి. ఫోన్‌లో తంబురా యాప్ పెట్టుకుని దానితో కలిపి ట్యూన్ చేస్తే పంచమం ఎంత శుద్ధంగా ఉందో ట్యూనర్ కన్నా చెవే బాగా చెబుతుంది.

కొన్ని పాటలకు ఓపెన్ ఇ, ఓపెన్ ఎ అని రాసి ఉంటుంది. వాటికోసం తీగలు పైకి లాగకండి, ముఖ్యంగా అకూస్టిక్ మీద. ఓపెన్ డి పెట్టి రెండో ఫ్రెట్‌లో కాపో వేస్తే ఓపెన్ ఇ, ఓపెన్ జికి అలాగే చేస్తే ఓపెన్ ఎ.

హైదరాబాద్ ఎండ, స్టేజీ

ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడి గాలి ఎంత పొడిగా ఉంటుందో తెలుసు కదా. చెక్క ఎండి మెడ కదులుతుంది, జులైలో వానలు పట్టాక మళ్లీ తేమ పీల్చి ఇంకో వైపు కదులుతుంది. దించిన ట్యూనింగ్‌లో తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సందు ముందే తక్కువ కాబట్టి ఈ కదలిక తొందరగా జరజరగా బయటపడుతుంది. ఎండాకాలం మొదట్లో ఒకసారి, వానలు పట్టాక ఒకసారి ఆ కాగితాల పరీక్ష చేసుకోండి. గిటార్‌ను ఎండలో పార్క్ చేసిన కారులో వదలొద్దు, అకూస్టిక్ బ్రిడ్జి జిగురు ఊడేది అక్కడే. ఏసీ హాల్లో ప్రోగ్రాం ఉంటే అరగంట ముందే బ్యాగులోంచి తీసి బయట పెట్టి, అప్పుడు ట్యూన్ చేయండి.

బ్యాండ్‌లో ఉంటే బేస్ గిటార్ అతనికీ, కీబోర్డు అతనికీ రిహార్సల్ ముందే చెప్పండి. బేస్ కూడా దించాలి, కీబోర్డు మైనస్ ఒకటో, మైనస్ రెండో పెట్టాలి. వాట్సాప్ గ్రూపులో పాట పేరు పక్కన "సగం టోన్ కింద" అని రాసి పెడితే స్టేజీ మీద ఒకరి మొహాలు ఒకరు చూసుకోనక్కర్లేదు. తీగలు కదపకుండా శృతి దించే పెడళ్లు ఉన్నాయి, డిజిటెక్ డ్రాప్ లాంటివి, పెద్ద సౌండ్ ఉన్న స్టేజీ మీద బాగానే పని చేస్తాయి. చిన్న గదిలో మాత్రం తీగల అసలు శబ్దం, ఆంప్ శబ్దం రెండూ వినిపించి చెవికి ఇబ్బంది.

గిటార్ ఒక్కటే ఉంటే పాటల వరసను ట్యూనింగ్ ప్రకారం గుంపులు చేయండి. స్టాండర్డ్ పాటలన్నీ ఒకచోట, డ్రాప్ డి పాటలన్నీ ఒకచోట, మార్చేది ఒకే ఒక్కసారి, అదీ గాయకుడు మైక్‌లో మాట్లాడుతున్నప్పుడు. వాల్యూమ్ నాబ్ సున్నాకి తిప్పి మార్చండి, జనానికి ఆ మూలుగు వినిపించక్కర్లేదు.